మంచు సీమకు తగిన బండి

ఉత్తర డకోటా, మిన్నెసోటా, మాంటానా వంటి అమెరికా ఉత్తర రాష్ట్రాల పల్లెల్లో పికప్ ట్రక్కు, అంటే ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనుక సామాను వేసుకునే పైకప్పు లేని తొట్టి ఉన్న బండి, కుటుంబం మొత్తానికీ ఆధారమైన వాహనం. పశువులకు మేత మోయడానికీ, పిల్లలను బడికి చేర్చడానికీ, అర్ధరాత్రి రోగిని దూరపు ఆసుపత్రికి తీసుకుపోవడానికీ అదే బండి కావాలి. నవంబరు నుంచి మార్చి దాకా ఆ దారులు తరచుగా మంచు కిందే ఉంటాయి కనుక, ఏ ట్రక్కు కొనాలన్నది అక్కడ ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. కొనేవారికి రెండు మార్గాలున్నాయి. తయారీదారు ఫ్యాక్టరీలో అమర్చి పంపిన బండిని ఉన్నదున్నట్టు కొనడం ఒకటి. అదే బండిని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు, ఇనుప బంపర్లు, అదనపు దీపాలు బిగించి ఇచ్చే అప్‌ఫిటర్లు అనే సంస్థల చేత మార్పించినదాన్ని కొనడం మరొకటి. షోరూం ముందు నిలబెట్టినప్పుడు రెండో రకమే మంచు కోసం పుట్టినట్టు కనబడుతుంది. అయితే అక్కడి చలికాలం బండిని ప్రధానంగా అడిగే పనులు మూడు: తెల్లవారుజామున స్టార్టు కావడం, ఆపాలనుకున్న చోట ఆగడం, దారిలో కూరుకుపోకుండా గమ్యం చేర్చడం. ఈ మూడింటిలోనూ బండి ఎత్తు వల్ల కలిగే మేలు స్వల్పం, వచ్చే చిక్కులు ఎక్కువ.

చలికాలం అన్ని చోట్లా ఒకేలా ఉండదన్న సంగతిని కొనుగోలుదారులు తరచుగా మరచిపోతారు. ఉత్తర డకోటా, మిన్నెసోటాల మధ్య పారే రెడ్ నది లోయ, హిమయుగం చివర కరిగిన నీటితో ఏర్పడి తరువాత ఇంకిపోయిన అగాసిజ్ అనే మహా సరస్సు అడుగుభాగం కావడం వల్ల, కనుచూపు మేర చదునుగా ఉంటుంది. అక్కడ కురిసే మంచు మరీ ఎక్కువ కాకపోయినా, ఏ అడ్డూ లేని గాలి ఆ మంచును పొలాల మీది నుంచి లేపి రోడ్ల మీద దిబ్బలుగా పేరుస్తుంది. పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా కింద రోడ్డు కనబడకుండా పోయే ఈ స్థితిని గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు. ఉత్తర డకోటాలోని పార్షల్‌లో 1936 ఫిబ్రవరి 15న, మిన్నెసోటాలోని టవర్ సమీపంలో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ చలి నమోదైంది. అక్కడికి తూర్పున, మిషిగన్ రాష్ట్రపు ఎగువ ద్వీపకల్పంలో పరిస్థితి వేరు. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి ఆ నీటి నుంచి తేమను పీల్చుకుని తీరం మీద మంచుగా కుమ్మరిస్తుంది, అలా 1978-79 శీతాకాలంలో కివీనా ప్రాంతంలో 390.4 అంగుళాలు, అంటే దాదాపు 10 మీటర్ల మంచు పడింది. వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల కొండదారుల్లో అసలు భయం పగలు కరిగి రాత్రి గడ్డకట్టే పలుచని ఐసు పొరతోనే. గాలికీ తీవ్రమైన చలికీ తట్టుకోవలసిన బండి, లోతైన మంచులో నడవవలసిన బండి, ఐసు మీద వాలు దిగవలసిన బండి ఒకే రకంగా ఉండాలనుకోవడం పొరపాటు.

ఫ్యాక్టరీ బండి, మార్పించిన బండి అన్న విభజన కూడా చరిత్రలో స్థిరంగా నిలిచింది కాదు. ఫోర్డ్ సంస్థ మోడల్ టీ కారుకు తొట్టి బిగించి 1925లో అమ్మిన తొలి ఫ్యాక్టరీ పికప్పులో ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకే అందేది. నాలుగు చక్రాలకూ శక్తి కావాలనుకున్నవారు 1930ల మధ్య నుంచి ఇండియానాపొలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ సంస్థ మార్చి ఇచ్చే ఫోర్డ్ ట్రక్కులను కొనుక్కునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ట్రక్కులు చేసిన అనుభవంతో డాడ్జ్ సంస్థ 1946లో పవర్ వ్యాగన్ అనే నాలుగు చక్రాల చోదన ట్రక్కును పౌరులకు అమ్మడం మొదలుపెట్టినా, షెవర్లే కొన్న మిన్నెసోటా రైతులు మాత్రం మినియాపొలిస్‌లోని నాప్‌కో సంస్థ తయారుచేసిన పవర్‌పాక్ అనే సామగ్రిని విడిగా బిగించుకోవలసి వచ్చేది. ఆ సామగ్రి ఎంత ఆదరణ పొందిందంటే, 1957లో షెవర్లే దాన్ని తన ఫ్యాక్టరీలోనే అమర్చి ఇవ్వసాగింది; ఫోర్డ్ 1959లో సొంత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పును తెచ్చింది. అంటే ఒక తరంలో వర్క్‌షాపులో చేయించుకున్న మార్పు, నిజంగా పనికివచ్చినప్పుడు, తరువాతి తరానికి ఫ్యాక్టరీ సదుపాయంగా మారింది. నేటి కొనుగోలుదారు ప్రతి అదనపు హంగునూ ఈ చరిత్ర వెలుగులో పరిశీలించడం మంచిది, ఎందుకంటే మంచులో ఉపయోగపడతాయని రుజువైన ఏర్పాట్లలో చాలా భాగం ఇప్పుడు కంపెనీ పట్టికలోనే దొరుకుతాయి.

వాటిలో మొదటిది ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేసే తీరు. గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అనే పెట్టె సాధారణ రకం బండ్లలో ఆ రెండు ఇరుసులనూ ఒకే వేగంతో తిరిగేలా బిగించేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడవాలి. మంచు మీద టైర్లు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటాయి, పొడి తారు మీద సర్దుకోలేక మొత్తం యంత్రాంగం బిగదీసుకుపోతుంది. అందుకే ఇటువంటి బండిని పొడి రోడ్డు రాగానే రెండు చక్రాల చోదనకు మార్చాలి. పల్లెదారిలో ఒక మైలు ఐసు, మరో మైలు గాలికి ఊడ్చుకుపోయిన పొడి తారు, ఆ తరువాత కంకర రావడం మామూలు కనుక, అవసరాన్ని బట్టి ముందు ఇరుసుకు శక్తిని తనంత తానే పంపే ఆటో పద్ధతి ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్ అక్కడ ఎంతో విలువైనది. ఇది కొన్ని ఫ్యాక్టరీ మోడళ్లలో మాత్రమే ఉంటుంది, తరువాత బిగించుకోవడం ఖర్చుతో, కష్టంతో కూడిన పని. వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్, అంటే ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే గేర్ల కూర్పు, ఒక చక్రం ఐసు మీద ఉంటే శక్తినంతా ఆ జారే చక్రానికే వృథాగా పంపుతుంది. అవసరమైనప్పుడు రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ కంపెనీ నుంచే తీసుకోవడం మేలు. అయితే ఈ ఏర్పాట్లన్నీ బండిని కదిలించడానికే తప్ప ఆపడానికి కావు. బ్రేకు వేసినప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండికీ లేని బండికీ ఐసు మీద పట్టు ఒక్కటే, ఆ పట్టు ఇచ్చేది టైరు మాత్రమే.

టైరు విషయంలో కొనుగోలుదారు ఎక్కువసేపు ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఖర్చులో చిన్నదీ, ఫలితంలో అతి పెద్దదీ ఈ నిర్ణయమే. మామూలు టైరు రబ్బరు ఉష్ణోగ్రత 7 డిగ్రీల కన్నా తగ్గేకొద్దీ గట్టిపడి రోడ్డును పట్టుకునే గుణాన్ని కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరు తీవ్రమైన చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతుంది, దాని మీద సన్నగా కోసిన వందలాది గాట్లు మంచును కరుచుకుంటాయి. టైరు పక్కగోడను దగ్గరగా చూస్తే రెండు రకాల గుర్తులు కనిపించవచ్చు. బురదకూ మంచుకూ పనికివస్తుందని చెప్పే ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు గాట్ల ఆకారాన్ని బట్టి తయారీదారు వేసుకునేవే, వాటి వెనుక మంచు మీద చేసిన పరీక్ష ఏదీ ఉండదు. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచురేకు ఉన్న గుర్తు 1999లో వచ్చింది; ప్రామాణిక టైరు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టుతో మంచు మీద ముందుకు లాగగలదని పరీక్షలో తేలిన టైరుకే దాన్ని వేస్తారు. ఆ పరీక్షలో ఐసు మీద బ్రేకు వేసి చూడడం లేదు కనుక, అన్ని కాలాలకూ అమ్మే టైర్లలో కొన్నింటికి కూడా ఈ గుర్తు దక్కుతోంది. పూర్తిగా చలికాలానికే చేసిన టైరుతో వాటిని సమానంగా చూడరాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అక్కడ నమోదైన వాహనాలకు చలికాలపు టైర్లను చట్టబద్ధంగా తప్పనిసరి చేసింది. ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లకు ఉత్తర డకోటా అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అనుమతి ఇస్తుంది గానీ, నది దాటితే వచ్చే మిన్నెసోటా, రోడ్లు చెడిపోతాయన్న కారణంతో, తన నివాసులకు వాటిని నిషేధించింది. సరిహద్దు ఊళ్లలో ఉండేవారికి ఇది చిన్న విషయం కాదు.

వెడల్పాటి టైరు మంచుకు మంచిదన్న నమ్మకం కూడా పరిశీలనకు నిలిచేది కాదు. రోడ్డు మీద నాలుగైదు అంగుళాల మంచు ఉన్నప్పుడు సన్నని టైరు దాన్ని చీల్చుకుని కింది కంకరను అందుకుంటుంది, వెడల్పాటి టైరు మంచు మీద తేలి పట్టు తప్పుతుంది. గాలి ఒత్తిడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వెచ్చని గ్యారేజీలో 20 డిగ్రీల వద్ద చదరపు అంగుళానికి 35 పౌండ్ల చొప్పున నింపిన టైరు, బయట మైనస్ 30 డిగ్రీల చలిలో ఎనిమిది తొమ్మిది పౌండ్లు కోల్పోతుంది. అందువల్ల ఒత్తిడిని చలిలోనే కొలిచి సరిచేయాలి.

స్టార్టు కావడం అనే పనికి అమెరికా పల్లెసీమ సొంతంగా కనుగొన్న పరిష్కారం ఒకటి ఉంది. ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో గ్రామీణ విద్యుత్ సహకార సంస్థను నడిపిన ఆండ్రూ ఫ్రీమన్, ఇంజిన్ తలభాగాన్ని పట్టి ఉంచే బోల్టులలో ఒకదాని స్థానంలో కరెంటుతో వేడెక్కే బోల్టును అమర్చే హీటరును 1940లలో రూపొందించగా, 1949లో దానికి పేటెంట్ లభించింది. ఇప్పటి బ్లాక్ హీటరు ఇంజిన్‌లోని కూలెంటును, అంటే గడ్డకట్టకుండా రసాయనం కలిపిన చల్లబరిచే ద్రవాన్ని, వేడి చేస్తుంది. బండి ముందు జాలీలో నుంచి వేలాడే మూడు పిన్నుల ప్లగ్గును రాత్రి గోడ సాకెట్‌కు తగిలిస్తే, బయలుదేరే వేళకు ఇంజిన్ తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. మూడు నాలుగు గంటల వేడి చాలు కాబట్టి టైమరు పెట్టుకుంటే కరెంటు ఆదా అవుతుంది. కొత్త బండితో పాటు ఫ్యాక్టరీలోనే అమర్చమంటే దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ, అయినా దక్షిణాది రాష్ట్రాల నుంచి తెచ్చి అమ్మే వాడిన బండ్లలో ఇది సాధారణంగా ఉండదు. బ్యాటరీ సామర్థ్యం మైనస్ 18 డిగ్రీల దగ్గర సగానికి దగ్గరగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే చిక్కబడిన ఆయిల్‌లో ఇంజిన్‌ను తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. కాబట్టి బ్యాటరీ మీద ముద్రించే కోల్డ్ క్రాంకింగ్ అంకె, అంటే మైనస్ 18 డిగ్రీల వద్ద 30 సెకన్ల పాటు అది ఇవ్వగల కరెంటు, ఎంత ఎక్కువైతే అంత మంచిది.

డీజిల్ ఇంజిన్ ఎంచుకునేవారికి మరో జాగ్రత్త అవసరం. మామూలు డీజిల్‌లోని మైనం తీవ్రమైన చలిలో, డిసెంబరు తెల్లవారుజామున సీసాలో పేరుకున్న కొబ్బరినూనెలా, గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది, అందుకే అక్కడి బంకులు చలికాలంలో పలుచని రకాన్ని కలిపి అమ్ముతాయి. పొగను శుద్ధి చేయడానికి నేటి డీజిల్ బండ్లలో వాడే యూరియా ద్రావణం మైనస్ 11 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ట్యాంకులోని హీటరు దాన్ని కరిగించాలి. బరువైన ట్రెయిలర్లు లాగే అవసరం లేని కుటుంబానికి పెట్రోలు ఇంజినే శ్రేయస్కరం.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా కనబడేదీ, ఎక్కువగా అపార్థమయ్యేదీ బండి ఎత్తు పెంచడం. లిఫ్ట్ కిట్ అనే సామగ్రితో సస్పెన్షన్‌ను ఆరు అంగుళాలు పైకి లేపినప్పుడు క్యాబినూ, దాన్ని మోసే ఛాసీ అనే ఉక్కు చట్రమూ లేస్తాయి గానీ, మంచులో మొదట తగులుకునే వెనుక ఇరుసు డిఫరెన్షియల్ అదే ఎత్తులో ఉండిపోతుంది, ఎందుకంటే దాని ఎత్తు చక్రం మధ్యబిందువును బట్టి ఉంటుంది. 32 అంగుళాల టైరును తీసి 35 అంగుళాలది వేస్తే ఆ డిఫరెన్షియల్ లేచేది ఒకటిన్నర అంగుళం మాత్రమే. ఆ కాస్త లాభానికి చెల్లించవలసిన మూల్యం పెద్దది: గరిమనాభి పైకి పోవడంతో బండి ఒరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది, బరువైన చక్రాలను ఆపడానికి బ్రేకులు మరింత శ్రమిస్తాయి, దీపాల కాంతి ఎదురువచ్చేవారి కళ్లలో పడుతుంది, అన్నిటికీ మించి రెడ్ నది లోయలో పక్కనుంచి కొట్టే గాలికి ఐసు మీద నిలవవలసిన బండి అదనపు తెరచాపను మోసుకు తిరిగినట్టవుతుంది. 2012 మోడళ్ల నుంచి అమెరికాలో తేలికపాటి వాహనాలన్నిటికీ తప్పనిసరైన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో నిలిపే ఏర్పాటు, ఫ్యాక్టరీ ఎత్తుకూ, ఫ్యాక్టరీ టైరుకూ సరిపోయేలా లెక్కగట్టినది. ఆ రెండూ మారినప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించి చూపే అప్‌ఫిటర్లు లేకపోలేదు, ఆ పరీక్ష పత్రం అడిగి చూడకుండా కొనడం మాత్రం సాహసమే.

వారంటీ గురించిన భయాన్ని మాత్రం కొంత తగ్గించవచ్చు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి విడిభాగం బిగించారన్న ఒక్క కారణంతో తయారీదారు వారంటీని రద్దు చేయలేడు, ఆ భాగమే చెడుకు కారణమని చూపాలి; కానీ లిఫ్ట్ చేసిన బండిలో ముందు ఇరుసు కీళ్లు పాడైతే అలా చూపడం తయారీదారుకు పెద్ద కష్టం కాదు.

మార్పు సమంజసమైన సందర్భాలూ ఉన్నాయి, వాటిలో అత్యంత గౌరవించదగినది ఐస్‌లాండ్‌లో కనిపిస్తుంది. అక్కడి టొయోటా విక్రయ సంస్థలో భాగంగా 1990లో మొదలైన ఆర్కటిక్ ట్రక్స్ సంస్థ, హైలక్స్ పికప్పుకు 38, 44 అంగుళాల టైర్లు బిగించి, హిమానీనదాల మీద ఆ టైర్లలో గాలిని రెండు మూడు పౌండ్లకు తగ్గించి నడిపేలా తయారుచేస్తుంది. అప్పుడు టైరు పరుచుకుని లోతైన మంచు మీద బండి తేలుతుంది. అలా మార్చిన హైలక్స్ 2007లో, 1996 నాటి ఉత్తర అయస్కాంత ధ్రువ స్థానానికి చేరింది. ఇది రోడ్డే లేని చోటికి చేసిన మార్పు, జిల్లా యంత్రాంగం మంచు తోసే కంకర రోడ్డు మీద రోజూ తిరిగే బండికి దీని అవసరం ఉండదు. అమెరికా పశువుల రైతులు ఫ్యాక్టరీ తొట్టిని తీసేసి, గడ్డి చుట్టలను ఎత్తే ఇనుప చేతులున్న బల్లను బిగించుకోవడం మరో న్యాయమైన మార్పు, ఎందుకంటే ఆ పనికి సరిపోయే బండి ఏ ఫ్యాక్టరీ పట్టికలోనూ దొరకదు.

ఇంటి ముందు మంచును తోసే ఇనుప పలకను, అంటే స్నో ప్లోను, బిగించాలనుకునేవారు బండి కొనకముందే ఆ మాట చెప్పాలి. కొన్ని వందల పౌండ్ల ఆ పలక భారమంతా ముందు ఇరుసు మీద పడుతుంది కనుక, గట్టి స్ప్రింగులు, పెద్ద ఆల్టర్నేటరు, వైరింగు కలిసిన స్నో ప్లో ప్యాకేజీని తయారీదారులు ఫ్యాక్టరీలోనే అమరుస్తారు, ఒక్కో ఇరుసు మోయగల బరువును తలుపు స్తంభం మీద అంటించిన పత్రంలో ముద్రిస్తారు. ఇనుప బంపరు, కూరుకుపోయిన బండిని తాడుతో లాగే వించి, పెద్ద టైర్లు వంటివి ఎన్ని చేరిస్తే ఆ పత్రంలోని అంకెలో నుంచి అంత బరువు తరిగిపోతుంది. ఖాళీ పికప్పుకు వెనుక భాగం తేలిక కాబట్టి, అక్కడి రైతులు వెనుక ఇరుసుకు సరిగ్గా పైన ఇసుక మూటలు వేసి అవి కదలకుండా కట్టేస్తారు, బండి కూరుకుపోతే అదే ఇసుక చక్రాల కింద చల్లడానికి పనికివస్తుంది.

రోడ్ల మీద చల్లే ఉప్పు ఉక్కును తుప్పు పట్టించే మరో శత్రువు. ఫోర్డ్ ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియంతో తయారవుతున్నా దాని ఛాసీ ఉక్కుదే. అందుకే ఏ బండి కొన్నా శరదృతువులో అడుగుభాగానికి తుప్పు పట్టనివ్వని నూనె పూయించడం, చలికాలంలో వీలైనప్పుడల్లా కింది నుంచి కడిగించడం తప్పనిసరి.

ఈ విషయంతో తెలుగువారికి ఉన్న సంబంధం దూరపుదేమీ కాదు. 1994లో ఉత్తర డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో వచ్చి, ఆయన పేరుతోనే పిలవబడుతున్న పథకం కింద, వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేసే విదేశీ వైద్యులకు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న వీసా నిబంధన నుంచి మినహాయింపు లభిస్తుంది. ఆ దారిలో అమెరికా చిన్న ఊళ్లకు చేరిన భారతీయ వైద్యులలో తెలుగువారూ ఉన్నారు. మంచు ఎరుగని ఊళ్ల నుంచి వెళ్లి, ఆసుపత్రి పిలిస్తే అర్ధరాత్రి బయలుదేరవలసిన వారికి ఎత్తైన బండి ఇచ్చే ధైర్యం కన్నా చలికాలపు టైర్లు ఇచ్చే రక్షణ గొప్పది. మన దేశంలో ప్రశ్న మరో రూపం దాల్చింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్పు వస్తోంది. అయితే తయారీదారు పేర్కొన్న మూల నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేయడంతో, ఇక్కడ లద్దాఖ్ వెళ్లాలన్నా ఫ్యాక్టరీ రూపానికి కట్టుబడే వెళ్లాలి.

అమెరికాలో మార్పించిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనదలచినవారు టైరు సైజుకు తగ్గట్టు స్పీడోమీటరును మళ్లీ సరిచేయించారా, వీల్ అలైన్‌మెంట్ పత్రం ఉందా, తీసేసిన అసలు భాగాలు భద్రంగా ఉన్నాయా అని అడగాలి. టార్చి వేసి వెనుక ఇరుసు దగ్గర ఛాసీని సుత్తితో తట్టి చూడాలి, గట్టి ఉక్కు ఖంగున మోగుతుంది, లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. ముందు జాలీలో హీటరు తీగ ఉందో లేదో చూసి, దాన్ని సాకెట్‌కు తగిలించి పనిచేస్తున్నదని నిర్ధారించుకోవాలి. బండిని చూడడానికి చలి తీవ్రంగా ఉన్న ఉదయాన్నే వెళ్లి, తాము వచ్చేదాకా ఇంజిన్ స్టార్టు చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పాలి. బానెట్ మీద చెయ్యి పెట్టినప్పుడు అది వెచ్చగా తగిలితే బేరం అక్కడికి ఆపి, మరో రోజు ఉదయం మళ్లీ రావడం మంచిది.